మునివెంకటప్ప పాలు పితకని రోజు

బెంగుళూరులో మా మహదేవపుర వీధులకు ముప్ఫై ఏళ్ళుగా పాలు పోసిన మునివెంకటప్పగారు డిసెంబరు మొదటి వారంలో పరమపదించారు. ఆ వార్త నాకు చేరే సమయానికి నేను గేటు దగ్గర ఖాళీ గిన్నె పట్టుకుని నిలబడి, ఆయన రాగానే అనవలసిన మూడు మాటలు వరుసగా పేర్చుకుంటున్నాను. ఆరున్నర దాటింది. డికాక్షన్ చల్లారిపోయింది. నా సహనం అంతకుముందే అయిపోయింది. ఎదురింటి వాచ్‌మన్ రోడ్డు దాటి వచ్చి, "మేడమ్, ఆయప్ప ఇంక రాడు. పాలు పిండి లేస్తా లేస్తా కొట్టంలోనే కూలబడిపోయినాడంట" అన్నాడు. దిగ్భ్రాంతి అనే మాటను ఇటువంటి వ్యాసాల్లో ఎన్నోసార్లు వాడాను, ఎక్కువసార్లు అబద్ధంగానే వాడాను. ఆ ఉదయం మాత్రం ఆ గిన్నెతో అక్కడ ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలియదు.

మా కాలనీ తెలుగు సంఘంవారు వెంటనే నన్ను సంస్మరణ వ్యాసం రాయమన్నారు. బడిలో ఇరవై ఏళ్ళు తెలుగు చెప్పినందుకు నాకు పడ్డ శిక్ష ఇది. కాలనీలో ఎవరు కాలధర్మం చెందినా, ఆ మహనీయుని అస్తమయం తీరని లోటని, ఆ సౌజన్యమూర్తి కీర్తిశేషులయ్యారని నేను రాసిపెట్టాలి. జీవితంలో ఎవరికీ మంచినీళ్ళు కూడా ఇవ్వని మనిషిని దానకర్ణుడిగా రాశాను. భార్యతో పదేళ్ళు మాట్లాడని వాణ్ణి ఆదర్శ గృహస్థుగా రాశాను. ఈసారి అలా రాయదలచుకోలేదు. మునివెంకటప్పగారికి సంవత్సరంలో ఒకే ఒక్క రోజు తనదంటూ ఉండేది. ఆయన పోయిన పక్షం రోజులకే మేమందరం కలిసి ఆ రోజును పాడుచేశాం. అందులో మొదటి చెయ్యి సంఘం అధ్యక్షులవారిదని అందరూ అనుకుంటున్నారు. కాదు, నాది. ఆ రోజు ఏమిటో, ఎందుకో ఇప్పుడైనా సరిగ్గా చెప్పకపోతే నేను చదివిన చదువు దండగ. ఇంకొక మాట. బతికున్నంతకాలం ఆయనను పాలవాడు అనే అన్నాను. ఇప్పుడు గారు తగిలించినంత మాత్రాన అది మాసిపోదు కనుక ఇకమీద మామూలుగానే రాస్తాను.

మేము ఇక్కడికి వచ్చింది తొంభై రెండులో. అప్పటికే ఆయన పదిహేనేళ్ళుగా ఈ వీధులకు పాలు పోస్తున్నాడు. మా ఆయనకు ఫ్యాక్టరీలో ఉద్యోగం, నాకు తెనాలి నుంచి వెంట తెచ్చుకున్న అహంకారం. అప్పట్లో మా ఇంటి వెనక రాగి చేలు, ద్రాక్షతోటలు ఉండేవి. మునివెంకటప్ప పొట్టి మనిషి. ఖాకీ నిక్కరు, చెవుల దాకా లాగిన మంకీ క్యాప్, పాత సైకిలుకు అటొక క్యాను, ఇటొక క్యాను. వాళ్ళ తాతల నాటి నుంచి ఇక్కడే స్థిరపడిన తెలుగువాళ్ళు. ఆ తెలుగును నేను తెలుగుగా ఒప్పుకోలేదు. ఆయన "ఉండాది" అన్నప్పుడల్లా నేను "ఉంది" అని దిద్దేదాన్ని. ఒకరోజు కొలత పోస్తూ తల కూడా ఎత్తకుండా, "నువ్వు దిద్దినా పాలు అవే గదా టీచరమ్మా" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆయన నోటికి ఎవరూ మినహాయింపు కాదు. పై వీధిలో ఒక ఇంజనీరు, విజ్ఞానశాస్త్రాన్ని ఉద్ధరించడానికే పుట్టినవాడు, పాలలో నీళ్ళు పట్టుకోవడానికి లాక్టోమీటరు కొన్నాడు. నలుగురినీ పిలిచి, గ్లాసులో దాన్ని ముంచి, కళ్ళద్దాలు సవరించుకుని, మునివెంకటప్పను దోషిలా నిలబెట్టాడు. అది నాలుగో రోజుకు కూడా కొళాయి రాని వీధి. మునివెంకటప్ప ఆ ఇంటి ముందున్న ఖాళీ బిందెల వరుసను ఒకసారి చూసి, "కలిపేదానికి మీ వీధిలో నీళ్ళు యాడ ఉండాయప్పా?" అన్నాడు. ఇంజనీరుగారు ఆ పరికరాన్ని మళ్ళీ బయటకు తీయలేదు. ఆ ఇంజనీరే మొన్నటి సంస్మరణ సభలో ఆయన నిజాయితీ గురించి పావుగంట మాట్లాడాడు.

ఇక ఆ రోజు. మేము వచ్చిన ఏడాది డిసెంబరు ఇరవై రెండున ఆయన ఖాళీ సైకిలుతో వచ్చి, "ఈ పొద్దు పాలు లేవు టీచరమ్మా. మధ్యాన్నం మా కొట్టం కాడికి ఊటకు రాండి" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఊట అంటే ఇక్కడి మాటలో భోజనం. వీధి వీధంతా భగ్గుమంది. ఒక్క పూట కాఫీ లేకపోతే ఇంతమంది చదువుకున్నవాళ్ళు ఎంత నీచంగా మాట్లాడగలరో నేను ఆ ఉదయమే విన్నాను, నా వంతు నేనూ మాట్లాడాను. మా ఇంట్లో మామగారు ఉన్నారు. పాలు లేవని విని ఆయన పడకకుర్చీలో వెనక్కి వాలి, వీలునామా రాసేవాడిలా కళ్ళు మూసుకున్నారు. సాయంత్రానికి మామూలుగానే లేచి తిరిగారు కాని, అప్పటికే నేను చెంగు బిగించి కొట్టానికి బయలుదేరాను.

పన్నెండు గంటల వేళ. చలి ఇంకా వదల్లేదు. కొట్టంలో తొమ్మిది ఆవులున్నాయి. దూడలన్నిటినీ వదిలేశారు, అవి తల్లుల పొదుగుల్లో తలలు దూర్చి పొడుచుకుంటూ తాగుతున్నాయి. దక్షిణపు తలుపులోంచి ఎండ ఏటవాలుగా లోపలికి వచ్చి, వెనక గోడ దగ్గర నేల మీద సున్నంతో గీసిన ఒక గీత దాకా పాకింది. ఆ గీత చూపించి ఆయన, "పొద్దు ఈడిదాకా వచ్చి మళ్ళా ఎనక్కి పోతాది. ఇంతకన్నా లోపలికి రాదు. ఇదే పొట్టి పొద్దు" అన్నాడు. నేను ఊరుకుంటానా? ఉత్తరాయణ పుణ్యకాలం జనవరి పద్నాలుగున అని, పంచాంగకర్తలు మూర్ఖులు కారని, సూర్యగతి గురించి పాలవాళ్ళు తీర్మానాలు చేయకూడదని గట్టిగా చెప్పాను. ఆయన అంతా విన్నాడు. "పంచాంగం నీ ఇంట్లో ఉండాది, ఎండ నా కొట్టంలో ఉండాది. కూర్చో, అన్నం చల్లారిపోతాది" అన్నాడు.

కూర్చున్నాను. చేతికిచ్చిన గుప్పెడు అనప గింజలు పితికాకే విస్తరి వేశారు. మోదుగ విస్తరిలో ముద్ద రాగిసంగటి, దాని నడుమ చేసిన గుంటలో పొగలు కక్కే పితికిపప్పు పులుసు. తెలియనివారికి చెబుతాను. మంచు పడే ఈ రోజుల్లో బెంగుళూరు వీధుల్లో గుట్టలుగా వచ్చే అనపకాయలను ఒలిచి, గింజలను నానబెట్టి, ఒక్కొక్క గింజనూ రెండు వేళ్ళ మధ్య పట్టి తొక్కలోంచి పితుకుతారు. లోపలి పప్పు పచ్చగా, మెత్తగా జారి వస్తుంది. దానికి ఎండుమిరపకాయలు, ధనియాలు, పచ్చికొబ్బరి, వెల్లుల్లి నూరి వేస్తే అయ్యే పులుసు అది. పక్కన చెనిక్కాయల ఊరిమిండి, అంటే వేరుశనగ పచ్చడి, గానుగ నూనెలో మగ్గిన వంకాయ, చివర కొబ్బరిపాలు, బెల్లం పోసి కాచిన గసగసాల పాయసం. పాలచుక్క లేదు, పెరుగు లేదు, నెయ్యి లేదు, మజ్జిగ కూడా లేదు. కడుపులో కుంపటి పెట్టినంత వెచ్చగా ఉంది. తిట్టడానికి వెళ్ళినదాన్ని మారు వడ్డించుకున్నాను.

ఆయన భార్య నారాయణమ్మ వండేది, ఆయన వడ్డించేవాడు. నియమం ఒకటే. గింజలు పితికినవాళ్ళకే భోజనం. ముందురోజు మధ్యాహ్నమే వీధి ఆడవాళ్ళం వెళ్ళి గంపల చుట్టూ కూర్చునేవాళ్ళం. ఆలస్యంగా వచ్చే మగమహారాజుల కోసం ఒక గిన్నెడు గింజలు విడిగా ఉంచేవారు. అధ్యక్షులవారు ఒక ఏడు సరాసరి విస్తరి దగ్గరకు వచ్చి, పచ్చరాయి ఉంగరం ఉన్న చెయ్యి చూపించి, "నేను భోజనానికి వచ్చానయ్యా, పని చెయ్యడానికి కాదు" అన్నారు. మునివెంకటప్ప విస్తరి వెనక్కి తీసుకుని, "ఊరికే తినేకి పెళ్ళిళ్ళు ఉండాయి సామీ. ఈడ పితికినోళ్ళకే ఊట" అన్నాడు. అధ్యక్షులవారు మొహం చిట్లించుకుని, ముక్కు మూసుకోవలసిన పని చేస్తున్నట్టు, పదకొండు గింజలు పితికారు. ఆ పదకొండు గింజల అర్హతతో మూడు ముద్దలు తిన్నారు. తర్వాత ఉగాది సభలో, శ్రామిక సోదరులతో తాను సహపంక్తి భోజనం చేసిన సంగతి ఎంతో వినమ్రంగా చెప్పుకున్నారు.

ఎందుకు ఈ రోజు ఇలా అని మూడో ఏడు అడిగాను. అడగడంలో కూడా వెటకారమే ఉంది. "పాలవాడివి, పాలంటే అసహ్యమా?" అన్నాను. ఆయన గింజలు పితుకుతూనే చెప్పాడు.

"మాకొక ఆవు ఉండె. ఈనిన నాలుగో దినానికే దూడ సచ్చిపోయింది. దూడ లేకుంటే ఆవు పాలు సేపదు గదా. తోలు ఒలిపించి, లోపల గడ్డి కూరి, కుట్టించి ముందర పెట్టినా. అందురూ చేసేదే. ఆ ఎనక మూల చీకటి. అది తోలును నాకతా ఉంటాది, నేను పిండుకుంటా ఉంటా. నెల దినాలు అట్లే నడిచె. ఒక దినం మధ్యాన్నం ఎండ ఆడిదాకా వచ్చింది. ఏడాదిలో ఆ మూలకి ఎండ వచ్చేది ఈ రెండు మూడు దినాలే. అప్పుడు చూసినా టీచరమ్మా. నాకి నాకి కుట్టు ఊడిపోయిండాది. గడ్డంతా బయటికొచ్చిండాది. ఆకలితో ఉండే ఆవు, నోటి ముందర అంత గడ్డి పెట్టుకోని, ఒక్క పోచ ముట్టలేదు. తోలు మీద తలకాయ పెట్టుకోని పండుకోనుండాది."

"మరి ఈ వ్యాపారం మానేయలేదేం?" అన్నాను.

"మానేసి ఏం తినేది? ఇద్దరు ఆడబిడ్డలు. మానేసేంత మంచోణ్ణి గాదు నేను. ఏడాదిలో ఒక దినం దానికిస్తా. ఆ దినం పాలు, నెయ్యి లేకుండా మనుషులకి కడుపు నిండుతాదా లేదా అని పెట్టి చూస్తా. నిండతా ఉండాది గదా. అంటే మిగిలిన దినాలు నేను పిండేది జనాల ఆకలికని చెప్పుకోను. యాపారానికి, అంతే."

నేను చదివిన శాస్త్రాలలో ఇంత నిర్దాక్షిణ్యంగా తన్ను తాను తూచుకున్న వాక్యం నాకు కనబడలేదు. ఆ మాట ఆయనకు చెప్పలేదు. గింజలు పూర్తిగా నానలేదని చెప్పి చేతులు కడుక్కున్నాను.

ఇప్పుడు నా ఘనకార్యం ఒకటి చెప్పాలి. తొంభై ఎనిమిదిలో నేను ఆ భోజనానికి కొంగు చాటున చిన్న స్టీలు డబ్బీలో నెయ్యి తీసుకెళ్ళాను. అంతా తెలిసి తీసుకెళ్ళాను. సంగటిలో నెయ్యి లేకపోతే గొంతు దిగదని కాదు. నా విస్తరిలో ఏముండాలో ఒక పాలవాడు నిర్ణయించడమేమిటని. అందరూ చూడకుండా ముద్ద గుంటలో ఒంపుకున్నాను. వేడికి వాసన లేచింది. రోజూ పాలతో బతికే మనిషి ముక్కు నుంచి తప్పించుకోవచ్చని ఎలా అనుకున్నానో ఇప్పటికీ అర్థం కాదు. ఆయన పులుసు గరిటెతో నా ముందు ఆగి, గొంతు పెంచకుండా, "టీచరమ్మా, ఆ నెయ్యి మా ఆవుదే. దాని ముందర కూర్చోని, ఈ పొద్దు గూడా తింటా ఉండావు" అన్నాడు. తిట్టలేదు, విస్తరి లాక్కోలేదు. పులుసు పోసి పక్కకు వెళ్ళాడు. అయితే ఆ వరుసలో ఉన్న పదిమందీ విన్నారు.

నేను అవమానపడ్డాను. నా తప్పుకు నేను సిగ్గుపడ్డానని ఎవరైనా అనుకుంటే వాళ్ళు నన్ను ఎరగరు. నన్ను అన్నందుకు అవమానపడ్డాను. మర్నాటి నుంచి ప్యాకెట్ పాలు తెప్పించుకున్నాను. రెండేళ్ళు ఆయనతో మాటల్లేవు. ఆ రెండేళ్ళూ పొట్టి పొద్దు నాడు నారాయణమ్మ క్యారియర్ పట్టుకుని మా గడప ఎక్కి, "నువ్వు రాలేదని ఆయప్ప పంపించినాడు. వేడిగా ఉండాది, తినెయ్యి" అని ఇచ్చి వెళ్ళేది. ఆ అన్నాన్ని నేను నా ఇంట్లో, నా కంచంలో, నెయ్యి వేసుకునే తిన్నాను. మామగారి కాఫీకి ప్యాకెట్ పాలు పనికిరాక మళ్ళీ ఆయన దగ్గరే మొదలుపెట్టినప్పుడు ఆయన ఏమీ అడగలేదు. పాత కొలతే పోసి వెళ్ళాడు. క్షమించినవాళ్ళను చూస్తే నాకు ఇంకా కోపం.

కొత్త శతాబ్దం వచ్చింది. రాగి చేలలో అద్దాల మేడలు మొలిచాయి. తొమ్మిది ఆవులు రెండయ్యాయి. అప్పుడు మారతహళ్ళి నుంచి, మన తెలుగు పిల్లలే, ఒక అరడజను మంది సాఫ్ట్‌వేర్ మేధావులు మెడలో కంపెనీ బిళ్ళలతో దిగారు. ఎక్కడ విన్నారో మరి. "అంకుల్, మెనూ టోటల్‌గా వీగన్ కదా? పాలు, నెయ్యి అన్నీ నో కదా? సూపర్ అంకుల్! మేము కూడా ఫ్లాట్‌లో వింటర్ సాల్స్‌టిస్ సెలబ్రేట్ చేస్తాం. క్యాండిల్స్, పంప్‌కిన్ సూప్, ఫుల్ కంఫర్ట్ ఫుడ్" అన్నాడొకడు. సాల్స్‌టిస్ అంటే మా పొట్టి పొద్దే. సంగటిని అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీశారు. గింజలు పితకమంటే గోళ్ళు చూసుకున్నారు. "మీరు అప్పుడే ఇంత అవేర్‌గా ఎలా ఉన్నారంకుల్?" అని ఇంకొకడు అడిగాడు. మునివెంకటప్ప వాడి ఒళ్ళో గింజల గిన్నె పెట్టి, "రేప్పొద్దన్న నాలుగింటికి లేచి మళ్ళా పాలు పిండుతానప్పా. ఒక దినం మంచోణ్ణి. దానికి ఫొటో ఎందుకు? పితుకు" అన్నాడు. వాళ్ళు మళ్ళీ రాలేదు. దోషం లేని మహాత్ముడి కోసం వచ్చారు పాపం, వాళ్ళకు దొరికింది ఒక మనిషి.

ఇక మొన్నటి సంగతి. ఆయన పోయిన వారానికి అధ్యక్షులవారు నాకు ఫోన్ చేశారు. "మేడమ్, ఇరవై రెండు శనివారం హాలు దొరికింది. సంస్మరణ సభ పెట్టేద్దాం. పాలతో జీవించిన మనిషి కదా, ఫొటోకి క్షీరాభిషేకం అనుకుంటున్నాం. భోజనంలో నేతి ఓళిగలు, పాలపాయసం. ఆయన్ని దగ్గరగా ఎరిగినవారు మీరు. సముచితంగానే ఉంటుందంటారా?"

ఇరవై రెండు ఏ రోజో అధ్యక్షులవారికి గుర్తులేదు. పదకొండు గింజలు పితికినవారికి అంతకంటే ఎక్కువ గుర్తుండదు. నాకు గుర్తుంది. ఫోన్ పట్టుకుని ఉన్న ఆ క్షణంలోనే దూడ తోలు, గడ్డి, సున్నపు గీత, అన్నీ గుర్తున్నాయి. వాటితో పాటు పులుసు గరిటె పట్టుకుని నా విస్తరి ముందు ఆగిన మనిషి కూడా గుర్తున్నాడు. తొమ్మిదేళ్ళుగా లోపల దాచుకున్న ఆ నెయ్యి వాసన లేచింది. "చాలా సముచితంగా ఉంటుందండీ" అన్నాను. ఫోన్ పెట్టేసిన తర్వాత కూడా నాకు చాలా టైముంది. మళ్ళీ చేసి వద్దనవచ్చు. చెయ్యలేదు.

శనివారం హాలు నిండింది. నిలువెత్తు ఫొటో, దాని ముందు ఇత్తడి పళ్ళెం, పళ్ళెం పక్కన కత్తిరించిన పాల ప్యాకెట్లు. ముప్ఫై ఏళ్ళు ఈ వీధులకు పాలు పోసిన మనిషిని మేము ప్యాకెట్ పాలతో సత్కరిస్తున్నాం. నారాయణమ్మను కారులో తీసుకొచ్చారు. ఆమె చేతిలో క్యారియర్ ఉంది. సభ అంటే ఏటా జరిగే భోజనమే ఈసారి హాల్లో పెడుతున్నారని అనుకుందట. ఆ క్యారియర్ తీసి ఎవరో బల్ల కిందికి నెట్టారు. అధ్యక్షులవారు మైకులో, ఈ క్షీరబంధువుకు తొలి ధార ఆయన ధర్మపత్ని పోస్తారని ప్రకటించి, పాలు నింపిన చెంబు ఆమె ముందు పెట్టారు.

ఆమె చెంబు అందుకోలేదు. పాల వంక చూసింది, ఫొటో వంక చూసింది, తర్వాత ముందు వరుసలో శాలువా కప్పుకుని కూర్చున్న నా వంక చూసింది. వేదిక దిగి నా దగ్గరకు వచ్చింది.

"టీచరమ్మా, ఈ పొద్దు ఏ పొద్దో నీకు తెలుసు గదా. వీళ్ళకి చెప్పలేదా?"

హాలంతా మా వైపే తిరిగింది. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం నా జన్మలో రాదు.

"మరిచిపోయాను నారాయణమ్మా" అన్నాను.

"పోనీలే. వయసు మీద పడ్తా ఉండాది గదా, మరిచిపోయింటావు" అని నా భుజం మీద చెయ్యి వేసి, వంగి, బల్ల కింద క్యారియర్ తీసుకుని బయటకు నడిచింది. వెనక అధ్యక్షులవారు తామే చెంబు ఎత్తి పోశారు. చప్పట్లు వినబడ్డాయి.

సంఘంవారు దీన్ని అచ్చువేస్తారో లేదో తెలియదు. మునివెంకటప్పకు నేను సమర్పించగల నివాళి ఇదే. తన తప్పును ఏడాదికొకసారి ఎండలో పెట్టుకుని, పదిమందికి అన్నం పెట్టి ఒప్పుకున్న మనిషి ఆయన. అటువంటివాడు ఈ వీధిలో ఇంకొకడు లేడు, ఇకమీద ఉండబోడు. నారాయణమ్మకు చదువు రాదు. ఈ వ్యాసం మీ చేతికి వస్తే ఎవరైనా ఒకరు ఆమె దగ్గర కూర్చుని చదివి వినిపించండి. అంతా చదవకపోయినా ఫరవాలేదు. టీచరమ్మ మరిచిపోలేదని, తెలిసే పాలు పోయమందని, ఆ ఒక్క మాట చదవండి.